కళింగ గద్దెకు వారసుణ్ణి తయారుచేయడం: క్రూసేడర్ కింగ్స్ 3లో పిల్లల చదువు, స్వభావం

క్రూసేడర్ కింగ్స్ 3 అనే కంప్యూటర్ గేమ్‌లో రాజు చచ్చిపోతే ఆట అయిపోదు. ఆయన వారసుడి పాత్రలోకి మీరు వెళ్ళిపోతారు. అంటే ఇవాళ మీ ఆస్థానంలో నేల మీద పాకుతున్న గుంటడే ఇంకో పాతికేళ్ళకి మీరన్నమాట. యుద్ధాలు, కోటలు, పన్నుల గురించి గంటలు గంటలు ఆలోచించేవాళ్ళు ఆ గుంటడి వైపు ఒక్కసారి కూడా చూడరు. తర్వాత రాజు పోతాడు, పిరికివాడో సోమరో గద్దెనెక్కుతాడు, సామంతులు తిరగబడతారు. అప్పుడు గేమ్‌ని తిట్టుకుంటారు.

పారడాక్స్ వాళ్ళు 2020 సెప్టెంబర్ 1న విడుదల చేసిన ఈ గేమ్‌ని 867 నుంచి గానీ 1066 నుంచి గానీ మొదలుపెట్టొచ్చు (2024లో 1178 కూడా చేరింది). మ్యాప్‌లో ఐర్లాండ్‌తో పాటు మన దేశమూ ఉంది. 1066 అంటే మన శ్రీకాకుళం జిల్లా ముఖలింగం కళింగనగరంగా, తూర్పు గంగుల రాజధానిగా ఉన్న రోజులు. ఆ తర్వాత పన్నెండేళ్ళకి, 1078లో, అనంతవర్మ చోడగంగదేవుడు చిన్న వయసులోనే గద్దెనెక్కి దాదాపు 70 ఏళ్ళు ఏలాడు. ఈ వైపు పుట్టినవాళ్ళకి కళింగ తీరం నుంచి మొదలుపెట్టడంలో ఉన్న సరదా ఇంకెక్కడా ఉండదు. కాబట్టి నా ఉదాహరణలన్నీ అక్కడివే. తర్వాత వచ్చిన డీఎల్‌సీలు, అంటే విడిగా కొనుక్కునే అదనపు భాగాలు, పిల్లల పెంపకంలో కొన్ని కొత్త ఈవెంట్లు చేర్చాయి గానీ, ఇక్కడ చెప్పేది అసలు గేమ్ కొన్న ప్రతివాళ్ళ దగ్గరా ఉండేదే.

ముందుగా నా అభిప్రాయం చెప్పేస్తాను. ఇంటర్ చదివే పిల్లాడి మార్కుల కోసం తల్లిదండ్రులు పడే తాపత్రయమే ఈ గేమ్ ఆడేవాళ్ళలోనూ కనిపిస్తుంది. అందరికీ పిల్లాడి చదువు ఫలితంలో పై మెట్టయిన నాలుగో స్థాయే కావాలి. పిల్లాడి స్వభావం ఎలా తయారవుతోందో చూసేవాళ్ళు తక్కువ. నేను మాత్రం స్వభావానికే ముందు ఓటేస్తాను. ఎందుకో లెక్కతో సహా కింద చూపిస్తాను.

మొదటి మెట్టు: పెళ్ళి దగ్గరే మొదలు

పిల్లాడు పుట్టాక దిద్దుకోలేనివి కొన్ని ఉన్నాయి. అవి తల్లిదండ్రుల రక్తంలోంచి వచ్చే ట్రెయిట్లు (గేమ్ మనిషికి తగిలించే గుణాలు). తెలివికి సంబంధించినవి మూడు మెట్లు: క్విక్, ఇంటెలిజెంట్, జీనియస్. క్విక్ ఉంటే నైపుణ్యాలన్నీ ఒక్కో పాయింటు పెరుగుతాయి. ఇంటెలిజెంట్‌కి మూడు, జీనియస్‌కి అయిదు. పెద్దయ్యాక అనుభవం సంపాదించే వేగం కూడా 10, 20, 30 శాతం చొప్పున పెరుగుతుంది. అందానికీ శరీర దారుఢ్యానికీ ఇలాగే వేరే మెట్లు ఉన్నాయి. వీటికి ఎదురుగా స్లో, స్టుపిడ్, ఇంబెసైల్ లాంటివి కూడా ఉన్నాయి. అవీ వారసత్వంగానే వస్తాయి.

కాబట్టి యువరాజుకి సంబంధం చూసేటప్పుడు మామగారి సైన్యం ఎంతో చూసి ఊరుకోకండి. పెళ్ళికూతుళ్ళ జాబితా తెరిచి, ఇన్‌హెరిటబుల్, అంటే వారసత్వంగా వచ్చే, ట్రెయిట్లు ఉన్నవాళ్ళని వడగట్టి చూడండి. చోడగంగదేవుడి తల్లి రాజసుందరి చోళుల ఆడపడుచు. నిజ చరిత్రలో అలాంటి పెళ్ళి పొత్తు కోసం జరుగుతుంది. గేమ్‌లో మాత్రం పొత్తు ఒక తరంతో పోతుంది, రక్తంలో వచ్చిన తెలివి నాలుగు తరాలు ఉంటుంది. రెండూ ఒకే పిల్లలో దొరికితే కళ్ళకద్దుకోండి. దొరక్కపోతే, చుట్టుపక్కల శత్రువు లేని ప్రశాంత సమయంలో తెలివి వైపే మొగ్గండి. మంచి ట్రెయిట్ పోకూడదని దగ్గర బంధువుల మధ్యే పెళ్ళిళ్ళు చేస్తూ పోతే ఇన్‌బ్రెడ్ అనే ట్రెయిట్ తగిలి మొత్తం చెడుతుంది. మనకి మేనరికాలు అలవాటే గానీ, గేమ్‌లో ప్రతి తరంలోనూ చేయకండి.

పుట్టుకతో వచ్చే బలం వేరు, సాధనతో వచ్చేది వేరు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు విజయనగరంలో పెరిగి కసరత్తు నేర్చి మల్లవీరుడయ్యాడు. గేమ్ కూడా ఈ రెంటినీ విడదీసే చూపిస్తుంది. హెర్క్యూలియన్ అనేది పుట్టుకతో వచ్చే దేహం. కత్తి పట్టే నేర్పుకి వేరే ట్రెయిట్ ఉంది, అది బంబ్లింగ్ స్క్వైర్ నుంచి ఫేమస్ చాంపియన్ దాకా నాలుగు మెట్లు.

రెండో మెట్టు: మూడో ఏట వచ్చే లక్షణం

మూడేళ్ళు నిండగానే పిల్లాడికి ఒక బాల్య లక్షణం వస్తుంది. మీ చేతిలో ఏమీ ఉండదు. కానీ దాన్ని చూసి మీరు తర్వాత ఏం చేయాలో తేల్చుకోవాలి. అయిదు రకాలున్నాయి, ఒక్కోటి రెండేసి చదువులకి అనుకూలం. రౌడీ అయితే మార్షల్‌కి (యుద్ధవిద్య), ఇంట్రీగ్‌కి (కుట్రలు) పనికొస్తాడు. చార్మింగ్ పిల్లాడు డిప్లమసీకి (రాయబారం, మాటకారితనం), ఇంట్రీగ్‌కి. క్యూరియస్ అయితే డిప్లమసీ గానీ లెర్నింగ్ (పాండిత్యం) గానీ. పెన్సివ్, అంటే ఒంటరిగా కూర్చుని ఆలోచించే రకం, స్టీవార్డ్‌షిప్‌కి (ఆస్తి, పరిపాలన చూసుకోవడం), లెర్నింగ్‌కి. బాసీ పిల్ల అందరి మీదా పెత్తనం చేస్తుంది కాబట్టి మార్షల్, స్టీవార్డ్‌షిప్.

ఇది గుర్తు పెట్టుకోనవసరం లేదు, మౌస్ ఆ బొమ్మ మీద పెడితే గేమే చెబుతుంది.

మూడో మెట్టు: ఆరో ఏట చదువు ఎంచుకోవడం

ఆరేళ్ళకి చదువు మొదలు, పదహారో పుట్టినరోజుకి ఫలితం. అయిదు దారులున్నాయి. వాటి గురించి అన్నిచోట్లా రాసి ఉంటుంది కాబట్టి, నాకు తోచిన మాట మాత్రం చెబుతాను.

స్టీవార్డ్‌షిప్ చదివిన రాజు బోర్ కొట్టించడు, రాజ్యాన్ని పోగొట్టడు. ఆ నైపుణ్యం పెరిగేకొద్దీ సొంతంగా ఉంచుకోగల జాగీర్ల సంఖ్య పెరుగుతుంది. డబ్బు దాన్నిబట్టే వస్తుంది. చిన్న రాజ్యంతో మొదలుపెట్టినవాళ్ళకి మొదటి రెండు తరాలూ ఇదే నయం. డిప్లమసీ పెద్ద రాజ్యాలకి పనికొస్తుంది, ఎందుకంటే అక్కడ సమస్య శత్రువులతో కాదు, సొంత సామంతులతోనే. లెర్నింగ్‌ని చాలామంది పూజారుల చదువుగా తీసిపారేస్తారు. కానీ ఎక్కువకాలం బతికే రాజు కావాలంటే దానికి మించింది లేదు. కారణం చివర్లో చెబుతాను. మార్షల్ సరదాగా ఉంటుంది, రాజు తనే సేన నడిపితే ఇంకా సరదా, కానీ యుద్ధంలో పోయే రాజుకి పక్కన ఎదిగిన వారసుడు ఉండాలి. ఇంట్రీగ్ గురించి ఒక్క మాట: కుట్రలు చేయడం మీకు ఇష్టమైతేనే తీసుకోండి, లేకపోతే ఆ చదువు అటకెక్కుతుంది.

బాల్య లక్షణానికి సరిపడే చదువు ఇస్తే మంచి ఫలితం వచ్చే అవకాశం పెరుగుతుంది. సరిపడకపోతే కొంపలేం మునగవు. పెన్సివ్ పిల్లాణ్ణి మార్షల్‌లో వేయాల్సిన అవసరమే ఉంటే వేయండి. కానీ అవసరం లేకుండా, మీకు యుద్ధాలు ఇష్టమని చెప్పి వేయకండి.

నాలుగో మెట్టు: గురువుని వెతకడం

ఆరో ఏడు రాగానే పిల్లాడి మీద రైట్ క్లిక్ చేసి గార్డియన్‌ని, అంటే పెంచి చదువు చెప్పే గురువుని, పెట్టండి. ఒక గార్డియన్ దగ్గర ఒకేసారి ఇద్దరికి మించి పిల్లలు ఉండరు. మంచి గురువు ఎవరో ముందే చూసి పెట్టుకోకపోతే, తీరా మీ పెద్దవాడికి ఆరేళ్ళు వచ్చేసరికి ఆయన దగ్గర ఎవరో సామంతుడి పిల్లలు కూర్చుని ఉంటారు.

చదువు ఎంత బాగా అబ్బుతుందనేది అదృష్టం మీద ఉన్నా, ఆ అదృష్టాన్ని మీవైపు తిప్పేవి కొన్ని ఉన్నాయి. గురువుకి లెర్నింగ్ ఎక్కువ ఉండాలి. ఆయన నేర్పే విషయంలో కూడా గట్టివాడై ఉండాలి. పిల్లాడికి పుట్టుకతో తెలివి ఉండాలి. బాల్య లక్షణం సరిపోవాలి. ఈ నాలుగూ కుదిరితే నాలుగో స్థాయికి దగ్గరలో ఉంటారు. నాలుగింటిలో రెండు కుదిరినా మూడో స్థాయి ఆశించొచ్చు.

ఇక్కడే ఒక చిక్కు. గార్డియన్ పిల్లాడికి పాఠాలతో పాటు తన బుద్ధులు కూడా అంటించగలడు. మీ ఆస్థానంలో అందరికంటే లెర్నింగ్ ఎక్కువున్న ముసలాయన పారనాయిడ్, ఎవర్నీ నమ్మని మనిషి అనుకోండి. నైపుణ్యం అంకె చూసి ఆయనకి అప్పజెప్పేస్తాం. పదేళ్ళు పోయాక వారసుడు కూడా అందర్నీ అనుమానించే మనిషిగా తేలితే ఆశ్చర్యపోనక్కర్లేదు. అందుకే గార్డియన్‌ని ఎంచేటప్పుడు ముఖం కింద ఉన్న మూడు స్వభావ ట్రెయిట్లూ చదవండి. వాటిలో ఒక్కటైనా మీ వారసుడికి ఉండకూడదనిపిస్తే వేరేవాళ్ళని చూడండి.

ఇంకో ప్రమాదం. వేరే రాజ్యం రాజుని గార్డియన్‌గా పెడితే పిల్లాడు ఆయన ఆస్థానానికి వెళ్ళిపోతాడు. పెంచేవాళ్ళు పిల్లాణ్ణి తమ మతంలోకి, తమ సంస్కృతిలోకి మార్చే అవకాశం కూడా ఉంది. కళింగలో ఆడేవాళ్ళకి చుట్టూ రకరకాల మతాలు, భాషలు ఉంటాయి. అలాంటప్పుడు వారసుణ్ణి పొరుగింటికి పంపడం తెలివైన పని కాదు. దీన్ని తిప్పి మీరు వాడుకోవచ్చు. కొత్తగా గెలిచిన ప్రాంతం సంస్కృతి ఉన్న గురువుని పెట్టి, ఆ సంస్కృతిలో చిన్నకొడుకుని పెంచితే, రేపు అక్కడి జనం వాణ్ణి పరాయివాడిగా చూడరు.

నేను పాటించే పద్ధతి ఇది. గద్దెనెక్కబోయే పిల్లాడికి రాజే, అంటే నేనే, గార్డియన్. మిగతావాళ్ళందరికీ లెర్నింగ్ ఎక్కువున్న గురువులు. వారసుడి చదువులో ఒక మెట్టు తగ్గినా పర్వాలేదు, ఎందుకంటే మీరే గార్డియన్ అయితే స్వభావం ఎంచే ఈవెంట్లు మీ ముందుకు వస్తాయి. వేరేవాళ్ళని పెడితే ఆ అవకాశం చాలామటుకు పోతుంది. మా బావ దీనికి ఒప్పుకోడు. "చదువు లేనోడికి బుద్ధుంటే ఏటి, లేకపోతే ఏటి బావా" అంటాడు. వాడి వంశం మూడో తరానికే సామంతుల చేతిలో పడిందన్నది వేరే విషయం.

అయిదో మెట్టు: స్వభావం, దాని వెనకే స్ట్రెస్

పదహారేళ్ళు వచ్చేలోపు పిల్లాడికి మూడు స్వభావ ట్రెయిట్లు వస్తాయి. ఇవి దాదాపు అన్నీ జంటలు. ధైర్యానికి పిరికితనం, శ్రమకి సోమరితనం, దానగుణానికి పిసినారితనం, క్షమకి పగ, నిజాయితీకి మోసం. ఒకటి వస్తే దాని జత రాదు.

మీరు గార్డియన్ అయితే అప్పుడప్పుడు ఒక కిటికీ తెరుచుకుంటుంది. పిల్లాడు ఏదో చేశాడు, మీరు ఏమంటారు అని అడుగుతుంది. కింద రెండు మూడు జవాబులు, ఒక్కో జవాబుకి ఒక్కో ట్రెయిట్. తొందరపడి నొక్కకండి. మౌస్ ఒక్కో జవాబు మీదా పెట్టి చూడండి. కొన్నిటి దగ్గర మీకు స్ట్రెస్ పెరుగుతుందని కనిపిస్తుంది. మీ రాజుకి తన స్వభావానికి విరుద్ధమైనది నేర్పాలంటే మనసు ఒప్పుకోదు. గ్రీడీ అయిన తండ్రి కొడుక్కి దానం చేయమని చెబితే ఆయనకి టెన్షన్. ఆ స్ట్రెస్ భరించి అయినా మంచి ట్రెయిట్ ఇవ్వడం చాలాసార్లు లాభమే. తండ్రికి ఒకసారి తగిలే దెబ్బ అది, కొడుక్కి జీవితాంతం ఉండే గుణం.

ఇప్పుడు లెక్క. ఇద్దరు అన్నదమ్ములు, ఇద్దరికీ పుట్టుకతో స్టీవార్డ్‌షిప్ నాలుగు అనుకుందాం. చదువులో ఒక్కో స్థాయికి ఆ నైపుణ్యం రెండేసి పెరుగుతుంది: మొదటి స్థాయి 2, రెండోది 4, మూడోది 6, నాలుగోది 8. పెద్దవాడు నాలుగో స్థాయి, అంటే మైడస్ టచ్డ్, దక్కించుకున్నాడు. కానీ స్వభావం లేజీ (సోమరి), గ్లటనస్ (తిండిపోతు). లేజీకి ఒకటి పోయింది, గ్లటనస్‌కి రెండు పోయాయి. 4, 8 కలిపి మూడు తీస్తే తొమ్మిది. చిన్నవాడు మూడో స్థాయి, ఫార్చ్యూన్ బిల్డర్ దగ్గర ఆగిపోయాడు. కానీ డిలిజెంట్ (కష్టపడేవాడు), టెంపరేట్ (మితంగా ఉండేవాడు). డిలిజెంట్‌కి మూడు, టెంపరేట్‌కి రెండు. 4, 6, 5 కలిస్తే పదిహేను. పైగా డిలిజెంట్ వల్ల డిప్లమసీకి రెండు, లెర్నింగ్‌కి మూడు అదనం. పెద్దవాడికి మిగిలిన నైపుణ్యాల్లో కూడా లేజీ ఒక్కో పాయింటు మింగేసింది.

అంకెలు ఇలా ఉంటే, అసలు విషయం స్ట్రెస్ దగ్గర ఉంది. స్ట్రెస్ సున్నా నుంచి 400 దాకా పోతుంది. 100 దాటితే మొదటి స్థాయి, 200 దాటితే రెండోది, 300 దాటితే మూడోది. స్థాయి పెరిగిన ప్రతిసారీ రాజు మనసు చెదిరే ఈవెంట్ వస్తుంది. తాగుడు, తిండి, ఒంటరితనం, దుబారా ఖర్చు లాంటి అలవాట్లు అప్పుడే అంటుకుంటాయి. పై స్థాయిల్లో ఆరోగ్యం మీద పడుతుంది, ప్రాణం మీదికి కూడా వస్తుంది.

స్ట్రెస్ ఎప్పుడు పెరుగుతుంది? తన స్వభావానికి విరుద్ధంగా మీరు వాడితో ఏదైనా చేయించినప్పుడు. కంపాషనేట్, అంటే దయగలవాడు, ఖైదీని చంపిస్తే నలిగిపోతాడు. గ్రీడీ అయినవాడు బహుమతులు పంచితే, జాగీరు వదులుకుంటే బాధపడతాడు. షై పిల్లాడు పెద్దయ్యాక ఒక సామంతుణ్ణి మంచి చేసుకోవడానికి మాట కలపాలన్నా ఇబ్బందే. కాబట్టి ట్రెయిట్ ఎంచేటప్పుడు వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: నేను ఈ మనిషితో రోజూ చేయించబోయే పనులేంటి? యుద్ధంలో పట్టుబడ్డవాళ్ళని డబ్బు తీసుకుని వదిలేసే అలవాటుంటే దయ మీకు అడ్డు రాదు. ఖైదీలని చంపి భయం పుట్టించి ఏలే పద్ధతి మీదైతే దయగల వారసుడు మీ చేతుల్లో నాలుగేళ్ళకే తాగుబోతు అవుతాడు. మంచి ట్రెయిట్, చెడ్డ ట్రెయిట్ అని విడిగా ఏమీ లేదు, మీరు ఆడే తీరుకి కుదిరేది, కుదరనిది అని ఉంది.

అయినా కొన్నిటి మీద నాకు గట్టి అభిప్రాయాలున్నాయి. పారనాయిడ్ ఏ రాజుకీ వద్దు. ఇంట్రీగ్ మూడు పెరుగుతుంది గానీ, వచ్చే స్ట్రెస్ రెట్టింపు అవుతుంది. ఆంబిషస్ అన్ని నైపుణ్యాలకీ ఒకటి కలుపుతుంది, స్ట్రెస్‌ని పాతిక శాతం పెంచుతుంది. నాకు ఈ బేరం ఇష్టమే. డిలిజెంట్‌కి కూడా ఒక ఖర్చుంది: ఉన్న స్ట్రెస్ తగ్గేటప్పుడు సగమే తగ్గుతుంది, అంటే విందులూ వేటలూ ఎక్కువ పెట్టాలి. డబ్బున్న రాజ్యానికి అదేం లెక్క కాదు.

పగ గురించి ఈ జిల్లాల వాళ్ళకి వేరే చెప్పాలా? 1757 జనవరిలో బొబ్బిలి కోట కూలాక, తాండ్ర పాపారాయుడు విజయనగరం రాజు విజయరామరాజు గుడారంలోకి దూరి ఆయన్ని చంపాడు. గేమ్‌లో వెంజ్‌ఫుల్ అంటే అలాంటి మనసే. మీ వారసుడికి ఆ ట్రెయిట్ ఉంటే శత్రువుల్ని వదిలిపెట్టినప్పుడల్లా వాడికి నిద్ర పట్టదు, పగ తీర్చుకుంటే మనసు తేలికపడుతుంది. అంతకంటే ముఖ్యం, మీ పొరుగు రాజుకి ఆ ట్రెయిట్ ఉందేమో చూసుకోండి. అలాంటివాడి కొడుకుని చంపి ప్రశాంతంగా ఉండటం కుదరదు.

మతాన్ని కూడా ఒకసారి చూడండి. మీ మతం పేజీలో పుణ్యంగా లెక్కించే ట్రెయిట్లు, పాపంగా లెక్కించేవి రాసి ఉంటాయి. పుణ్యం వైపు ఉన్న ట్రెయిట్ ఒక్కటున్నా, అదే మతం సామంతులు రాజుని ఎక్కువ ఇష్టపడతారు. కాబట్టి రెండు ట్రెయిట్ల మధ్య తేల్చుకోలేకపోతే ఈ పేజీ తీర్పు చెబుతుంది.

ఇక్కడో చిన్న పిట్టకథ. ఐరన్‌మ్యాన్ మోడ్‌లో (పాత సేవ్‌కి వెనక్కి వెళ్ళనివ్వని పద్ధతి) కాకుండా ఆడేవాళ్ళు, ఈవెంట్ నచ్చకపోతే పాత సేవ్ తెరిచి మళ్ళీ ఆడతారు. చేసుకోండి, ఎవరూ పట్టుకోరు. వానాకాలంలో కరెంటు పోయి సేవ్ చేయని రెండేళ్ళ ఆట పోతే మాత్రం, మళ్ళీ ఆడినప్పుడు అదే పిల్లాడికి వేరే స్వభావం రావచ్చు. ఆటోసేవ్‌ని మరీ అరుదుగా పెట్టుకోకండి.

ఆరో మెట్టు: మిగిలిన పిల్లలు

ఆట మొదట్లో రాజు చనిపోతే ఆస్తి కొడుకులందరికీ పంచబడుతుంది. అంటే చిన్న కొడుకులు రేపు మీ వారసుడికి సామంతులవుతారు. వాళ్ళని మీరు ఆడరు, కంప్యూటర్ ఆడుతుంది. కంప్యూటర్ నిర్ణయాలు తీసుకునేది వాళ్ళ ట్రెయిట్లని బట్టే. లోపల ధైర్యం, దయ, ఆశ, గౌరవం, పగ లాంటి వాటికి కనిపించని అంకెలు ఉంటాయి. ప్రతి ట్రెయిట్ ఆ అంకెల్ని పైకో కిందకో లాగుతుంది.

అందుకని వారసుడికి మంచిది తమ్ముడికి మంచిది కాకపోవచ్చు. ఆంబిషస్ తమ్ముడు అన్న గద్దె మీద కన్నేస్తాడు, తిరుగుబాటు జట్టులో చేరతాడు. కంటెంట్, అంటే ఉన్నదానితో తృప్తిపడేవాడు, తన జాగీర్లో తను కూర్చుంటాడు. రెండో కొడుక్కి ట్రెయిట్ ఎంచే అవకాశం వస్తే నేను చూసేది తృప్తి, నమ్మకం, క్షమ. చదువు విషయంలో మార్షల్ బాగానే ఉంటుంది. మంచి యోధుడు అన్న కిందే సేనాపతిగా పనికొస్తాడు. ధైర్యం కూడా ఇచ్చేయండి. యుద్ధంలో పోతే పోతాడు, ఆ జాగీరు వెనక్కి వచ్చే దారి దొరకొచ్చు. వినడానికి ఘోరంగా ఉంటుంది, కానీ ఈ గేమ్‌లో అందరూ మనసులో అనుకునేదే.

ఆడపిల్లల్ని పట్టించుకోకపోవడం చాలామంది చేసే పని. మగవాళ్ళకే గద్దె దక్కే మతంలో ఆడుతున్నా, ఆమె పెళ్ళితో వచ్చే పొత్తు మీదే. కొడుకులు లేకపోతే ఆమే వారసురాలు కావచ్చు. అప్పుడు పిల్లలు మీ వంశంలోనే ఉండేలా మాట్రిలీనియల్ పెళ్ళి (పిల్లలు తల్లి వంశానికి చెందేది) చేయాలి. ఎవరూ ఊహించని రోజున గద్దెనెక్కే మనిషి కాబట్టి ఆమెకీ మంచి గురువుని పెట్టండి. ఖర్చేమీ లేదు.

ఏడో మెట్టు: పదహారు నిండాక

పదహారో పుట్టినరోజున చదువు ట్రెయిట్ ఖాయమవుతుంది. నైపుణ్యంతో పాటు ఆ చదువుకి సంబంధించిన లైఫ్‌స్టైల్‌లో (పెద్దయ్యాక రాజు ఎంచుకునే జీవన విధానం) అనుభవం వచ్చే వేగం కూడా దీనిమీదే: మొదటి స్థాయికి 10 శాతం, ఆపై ఒక్కో స్థాయికి పదేసి చొప్పున పెరిగి నాలుగో స్థాయికి 40 శాతం. అనుభవం వెయ్యి అయిన ప్రతిసారీ ఒక పెర్క్ (అదనపు సామర్థ్యం) కొనొచ్చు. వేరే లైఫ్‌స్టైల్ ఎంచుకోవచ్చు గానీ ఆ అదనపు వేగం ఉండదు. ఫోకస్‌ని, అంటే ఎంచుకున్న ఆ దారిని, మాటిమాటికీ మార్చడం కుదరదు, ఒకసారి పెట్టాక అయిదేళ్ళు ఆగాలి. అందుకే రాజు అవ్వగానే తొందరపడకుండా, ఆ లైఫ్‌స్టైల్‌లో పెర్కులు వరుసగా అమర్చి ఉండే మూడు చెట్లలో చివరి పెర్క్ ఏమిస్తుందో ముందు చదవండి.

ప్రతి చెట్టు చివరా ఒక కొత్త ట్రెయిట్ ఉంటుంది. అంటే చిన్నప్పటి మూడింటితో మనిషి ఆగిపోడు, ఎదుగుతూనే ఉంటాడు. స్టీవార్డ్‌షిప్‌లో అడ్మినిస్ట్రేటర్, ఆర్కిటెక్ట్, అవరీషస్. లెర్నింగ్‌లో వైద్యం చెట్టు చివర హోల్ ఆఫ్ బాడీ. ఇందాక చివర్లో చెబుతానన్నది ఇదే. దీంతో ఆరోగ్యం మెరుగుపడుతుంది, స్ట్రెస్‌ని తట్టుకునే పెర్కులు ఆ దారిలోనే ఉన్నాయి. ఒక రాజు అదనంగా పదేళ్ళు బతికితే, మనవడి చదువు కూడా ఆయనే స్వయంగా చూసుకునే వీలుంటుంది. ఎక్కువ స్ట్రెస్ తెచ్చే స్వభావం వారసుడికి తప్పనిసరిగా వచ్చిందా, వాడికి ఈ చెట్టు పట్టించండి. సగం సమస్య తీరుతుంది.

రాజ్యం చిన్నపిల్లాడి చేతికి వచ్చిన సందర్భం వేరు. 2023లో వచ్చిన ఉచిత మార్పు తర్వాత బాలరాజుకి రీజెంట్, అంటే ఆయన తరఫున పాలించే మనిషి, ఉంటాడు, ఆ రీజెంట్ మీద ఓ కన్నేసి ఉంచాలి. అప్పుడు గార్డియన్‌గా ఉన్న తండ్రి పోయాడు కాబట్టి, గేమ్ ఆపి వెంటనే చూడాల్సింది ఇదే: మీ బాలరాజుకి ఇప్పుడు గురువు ఉన్నాడా లేడా. లేకపోతే ఆ పూటే పెట్టండి. తల్లి బతికి ఉండి, ఆమె ట్రెయిట్లు బాగుంటే నేను ఆమెకే మొగ్గుతాను.

ఇంకొక్కటి, రాజుకి అరవై దాటాక చేయాల్సిన పని. అప్పటికి కొడుకు పెద్దవాడై ఉంటాడు, అతనికి పిల్లలుంటారు. మనవడికి గార్డియన్‌ని పెట్టే బాధ్యత కొడుకుకి వదిలేస్తే కంప్యూటర్ ఎవరో ఒకర్ని పెట్టేస్తుంది. కాబట్టి మనవడికి ఆరో ఏడు రాగానే, కొడుకు మీ ఆస్థానంలోనే ఉన్నాడేమో చూసి, గురువు పేరు మీరే ఎంచి పెట్టండి. కొడుక్కి వేరే జాగీరు ఇచ్చి పంపేస్తే ఆ పిల్లల మీద మీ మాట సాగకపోవచ్చు. అందుకే పెద్దకొడుక్కి జాగీరు ఇచ్చే ముందు, మనవడి వయసెంతో ఒకసారి చూసుకోండి.